నాలుగు కొమ్ముల తలగుడ్డ

అనగనగా ఒక రాజు. మన రాజు కాడు. ఏడు సముద్రాలు దాటితే, ఏడో సముద్రం చివర, పడమటి దిక్కున ఒక పచ్చని దీవి ఉంది. ఆ దీవికి రాజు. దీవి నిండా కొండలు, కొండల నిండా అడవి, అడవి నిండా ఊదారంగు రొమ్ము చిలకలు. ఆ రాజుకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి సెలెస్తీన్, చిన్నమ్మాయి యూలాలి. కొడుకుల్లేరని రాజు రోజుకి మూడుసార్లు నిట్టూర్చేవాడు, అన్నం తిన్న ప్రతిసారీ ఒకసారి.

ఆ దీవి ఆడవాళ్ళకి ఒక ఆచారం ఉంది. మన తీరంలో నేసిన గళ్ళ రుమాళ్ళు ఓడలెక్కి అక్కడికి వెళ్ళేవి. ఆడవాళ్ళు వాటిని తలకి చుట్టి, కొసల్ని కొమ్ముల్లా నిలబెట్టి కట్టుకునేవారు. ఒక కొమ్ము కడితే ‘నా మనసు ఖాళీ’ అని. రెండు కడితే ‘మాట ఇచ్చేశాను’ అని. మూడు కడితే ‘పెళ్ళయింది’ అని. సంతకి వెళ్ళిన మగవాడు ముందు కొమ్ములు లెక్కపెట్టుకుని, ఆ తరవాతే నోరు తెరిచేవాడు. మగవాళ్ళ తలల మీద మాత్రం ఏ కొమ్మూ ఉండదు. వాళ్ళ మనసు ఖాళీయో కాదో ఎవరడుగుతారు?

నాలుగు కొమ్ములు కూడా ఉన్నాయి. వాటి గురించి మాత్రం గొంతు తగ్గించి చెప్పుకునేవారు.

దీవి నడుమ ఒక పెద్ద కొండ. కొండ మీద ఒక మడుగు. ఆ మడుగులో బూడిదరంగు నీళ్ళు పగలూ రాత్రీ కుతకుత ఉడుకుతూ ఉంటాయి. దాని ఒడ్డున ఒక మాంత్రికుడి ఇల్లు. అక్కడి మాటలో కొండని మోర్న్ అంటారు, అందుకని వాణ్ణి మోర్న్ దొర అనేవారు. గట్టిగా అనేవారు కాదు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉందని అందరికీ తెలుసు. ఏ చిలకలో అన్నది ఎవరికీ తెలీదు.

ఏటా పంటల పండగనాడు, పట్టపగలు, కొండ మీంచి మంచు దిగేది. సంతంతా కమ్ముకునేది. పక్కన నిలబడ్డ అమ్మ కూడా కనిపించేది కాదు. ఆ తెల్లదనంలోంచి ఒక గొంతు మెల్లగా అడిగేది:

“ఎవరిదీ కాని పిల్ల ఎవరు?”

అంటే ఒక కొమ్ము పిల్ల. ఎవరి సొత్తూ కాని ఆడదాన్నే వాడు ముట్టుకోగలడు. వాడికి మంత్రమిచ్చిన దయ్యం పెట్టిన షరతు అది. మంచు విడిపోయేసరికి ఒక పిల్ల ఉండేది కాదు. ఆమె నిలబడ్డ చోట జత చెప్పులు ఉండేవి. పిల్లని నిలబెట్టకపోతే మడుగు గట్టు తెంచి ఉడుకునీళ్ళు ఊళ్ళమీదికి వదులుతానన్నాడు.

మూడేళ్ళ కిందట సెలెస్తీన్ చెప్పులు అలాగే మిగిలాయి.

మరి ఊరి పెద్దలు ఏం చేశారు? మాంత్రికుణ్ణి ఎలా చంపాలా అని కూర్చున్నారా? కూర్చున్నారు, కానీ దానికి కాదు. ఆడపిల్లలకి తొందరగా పెళ్ళిళ్ళు చేసేద్దాం అనుకున్నారు. ఒక ఏడు పదిహేనేళ్ళ వాళ్ళకి చేశారు. మరుసటి ఏడు పన్నెండేళ్ళ వాళ్ళకి చేశారు. ఆ మరుసటి ఏడు తొమ్మిదేళ్ళ వాళ్ళకి కూడా మూడు కొమ్ములు కట్టేశారు. బొమ్మని చంకనెత్తుకుని, తలమీద మూడు కొమ్ములు మోస్తూ తిరిగే పిల్లల్ని చూసి పెద్దలు హమ్మయ్య అనుకున్నారు.

యూలాలికి పందొమ్మిదేళ్ళు. తలమీద ఒకటే కొమ్ము.

“పండగ మూడు రోజులుంది తల్లీ,” అన్నాడు రాజు. “ఎవణ్ణో ఒకణ్ణి చేసేసుకో. పళ్ళూడిన మంత్రిగారున్నారు. తాగుబోతు సేనాపతి ఉన్నాడు. పక్క దీవి రాజున్నాడు. ఇప్పటికే ఇద్దరు పెళ్ళాలనుకో, అయినా మంచివాడే.”

“నేను చేసేసుకుంటే సంతలో ఎవరిని నిలబెడతారు నాన్నా?”

రాజు నేల చూశాడు. “ఎనిమిదేళ్ళ వాళ్ళున్నారుగా,” అన్నాడు.

యూలాలి లెక్క వేసుకుంది. తను మూడు కట్టుకుంటే ఒక పసిపిల్ల చెప్పులు మిగులుతాయి. కట్టుకోకపోతే తన చెప్పులు.

ఆమె నాయనమ్మ దగ్గరికి పరిగెత్తింది. నాయనమ్మ పేరు తీతీన్. ఎనభై ఏళ్ళావిడ. దీవి మొత్తంలో నాలుగు కొమ్ములు కట్టే మనిషి ఆవిడొక్కతే. అందుకని పండక్కీ పబ్బానికీ ఎవరూ పిలిచేవారు కాదు.

“నాయనమ్మా, నాలుగంటే ఏమిటి?”

“‘నా మనసు తాళంచెవి నా దగ్గరే ఉంది’ అని. మీ తాత బతికుండగానే కట్టాను. ఆయన పగలబడి నవ్వాడు. ఊరు నవ్వలేదు. దీనికి కొమ్ములు మొలిచాయిరా అంది.”

“మరి నాలుగు కొమ్ములది ఎవరి సొత్తు?”

ముసలావిడ చుట్ట నోట్లోంచి తీసింది. “ఎవరి సొత్తూ కాదే. అలాగని ఖాళీగా పడున్నదీ కాదు.” తన మాట తనకే కొత్తగా వినిపించి, మనవరాలి మొహంలోకి చూసింది.

“వాడు ముట్టుకోలేడన్నమాట! ఇన్నేళ్ళూ ఒక్క పిల్లకైనా నాలుగు కట్టలేదేం?”

“పెళ్ళికాని పిల్లకి నాలుగా! చెడిపోయిందనరూ? ఈ దీవిలో తల్లులు పిల్లని మాంత్రికుడికైనా ఇస్తారు గానీ ఆ మాట పడనివ్వరే అమ్మా.”

పండగ వచ్చింది. మంచు దిగింది. ఇక్కడే నాలుగు కడితే ఇంకో పిల్లని నిలబెడతారని యూలాలి ఒక కొమ్ముతోనే సంత నడిమధ్యన నిలబడింది. గొంతు అడిగింది, “ఎవరిదీ కాని పిల్ల ఎవరు?” ఆమె పాదాలు చెప్పుల్లోంచి వాటంతటవే బయటికొచ్చాయి. ఆగమంటే ఆగలేదు. కొండదారి పట్టి నడవడం మొదలుపెట్టాయి. ఒళ్ళు తనదే, నడక తనది కాదు. ఇంతకంటే భయం ఇంకేముంటుంది?

ఆమె తలగుడ్డ విప్పింది. నడుస్తూనే మళ్ళీ చుట్టింది. ఒక కొమ్ము. రెండు. మూడు. నాలుగు. ముడి బిగించగానే పాదాలు టక్కున ఆగిపోయాయి.

ఇప్పుడు వెనక్కి పారిపోవచ్చు. దారి ఖాళీగా ఉంది. యూలాలి కొండ కిందికి ఒకసారి చూసింది. పైన పొగలో ఎక్కడో అక్క ఉంది. ఉందో లేదో! ఆమె మళ్ళీ పైకే నడిచింది, ఈసారి తన కాళ్ళతో.

దారి పక్కన రెండు రాతి మనుషులు, కత్తి దూసిన చేతులు దూసినట్టే. వాళ్ళ కాళ్ళ దగ్గర ఒక కుర్రవాడు ఏడుస్తూ కూర్చున్నాడు. ఆమెని చూసి కళ్ళు తుడుచుకుని లేచాడు.

“నేను మూడో రాకుమారుణ్ణి. ఈ రుమాళ్ళు వచ్చే దేశం మాది. వీళ్ళిద్దరూ మా అన్నలు. మాంత్రికుణ్ణి చంపి రాజుగారి అమ్మాయిని పెళ్ళాడదామని వచ్చారు. అడవిలో చిలకల్ని కొట్టారు, ఏదీ వాడి చిలక కాదు. నువ్వు రాజుగారి అమ్మాయివి కదూ? భయపడకు. నన్ను పెళ్ళి చేసుకుని మూడు కొమ్ములు కట్టుకో. వాడు నిన్ను ముట్టుకోలేడు.”

“నీ పేరైనా తెలీదు నాకు.”

“మణిధరుడు.”

“ఇప్పుడు తెలిసింది. అయినా వద్దు.”

కిసుక్కున ఎవరో నవ్వారు. రాళ్ళ మధ్య కోడంత కప్ప కూర్చుని ఉంది. “నన్ను కొండకోడి అంటారు,” అంది. “వేయించుకు తినేవాళ్ళు పెట్టిన పేరులే. మీరు తినకపోతే మూడు మాటలు చెబుతాను.”

“తినం, చెప్పు.”

“కత్తి దూసినవాడు రాయవుతాడు, ఒకటి. ఆ ఇంట్లో పగలంతా కర్రపెండలం తురిమే చప్పుడు వినిపిస్తుంది. అది ఆగితే దొర వస్తాడు, రెండు. మూడోది, నా చిన్నప్పట్నించీ చూస్తున్నాను, ఆ దొర ఒక్కనాడూ వంటింటి గుమ్మం తొక్కలేదు.”

మణిధరుడు కత్తి పొదలో పారేశాడు. దారిలో ఎవరో దించి వెళ్ళిన కర్రపెండలం దుంపల గంప నెత్తికెత్తుకుని యూలాలి వెనక నడిచాడు.

మోర్న్ దొర గుమ్మంలోనే ఉన్నాడు. ముసలివాడు కాడు, కురూపీ కాడు. నున్నగా, శుభ్రంగా, నవ్వుతూ ఉన్నాడు. ఎండలో నిలబడినా నీడ లేదు. వాడు యూలాలి వైపు చెయ్యి చాచాడు. మాంసం కాలిన వాసన వచ్చింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నవ్వు మాత్రం చెరగలేదు.

“నాలుగా? నీకు మొగుడున్నాడా?”

“చెప్పను.”

“లేడా?”

“అదీ చెప్పను.”

“మంచి ఇంటి పిల్లవేనా నువ్వు?”

“ఆ ప్రశ్న మా ఊళ్ళో చాలామంది వేస్తారు దొరా.”

వాడు తల వంచి ఆమె చెవి దగ్గరికొచ్చాడు. “ఆ గుడ్డ నేను విప్పను. నువ్వే విప్పుతావు. వేడికి ఒకరోజు. దురదకి ఒకరోజు. మూడో రోజుకి అదెందుకు కట్టావో నువ్వే మరిచిపోతావు. లోపలికి పో.”

వెనక గంప మోస్తున్న మనిషి వైపు వాడు చూడనే లేదు. గంపలు మోసేవాళ్ళ మొహాలు వాడెప్పుడూ చూడలేదు.

వంటిల్లు పొగ. పొగలో ఇరవై ఒక్కమంది ఆడవాళ్ళు. అందరివీ బోడి తలలు, ఒక్కరికీ గుడ్డ లేదు. ముందు తురుముపీటలు. ర్‌ర్‌ర్, ర్‌ర్‌ర్, ర్‌ర్‌ర్. ఎవరూ తల ఎత్తలేదు. మూలన సెలెస్తీన్.

“అక్కా!”

సెలెస్తీన్ చూసింది. చూసిన కళ్ళలో ఏమీ లేదు. “మాట్లాడకమ్మాయ్. తురుము,” అంది.

ఒకరోజు వేడి. యూలాలి తలగుడ్డలోంచి చెమట కారింది. రెండో రోజు దురద. తల మీద చీమల పుట్ట ఉన్నట్టుంది. ఒక్కసారి విప్పి మళ్ళీ కట్టుకుంటే ఏం పోతుందిలే అనిపించింది. మూడో రోజు మధ్యాహ్నం, చుట్ట కాల్చే ముసలావిడ ఒకావిడ గుర్తొచ్చింది. ఆవిడ పేరు గుర్తు రాలేదు. ఎంత వెతికినా రాలేదు. ఆవిడ తనకేమవుతుందో కూడా తోచలేదు. చెయ్యి దానంతటదే తలమీది ముడి దగ్గరికి వెళ్ళింది.

అప్పుడు యూలాలి నోటికొచ్చిన కథ మొదలుపెట్టింది. తనని తాను పోగొట్టుకోకుండా ఉండడానికి ఇంకో దారి లేదు. మన పిల్లలు కథ వింటూ ఊ కొడతారు కదా. ఆ దీవిలో చెప్పేవాళ్ళు “క్రిక్!” అంటారు. వినేవాళ్ళు “క్రాక్!” అనాలి. పాలతో పాటు వచ్చిన అలవాటు అది.

“క్రిక్,” అంది యూలాలి గొంతు తగ్గించి.

“క్రాక్,” అన్నారు ఇరవై ఒక్కమందీ, తలలెత్తకుండానే. పేర్లు మరిచిపోయినవాళ్ళు ఆ మాట మాత్రం మరవలేదు.

“ఊ,” అన్నాడు గంప పక్కన కూర్చున్న మణిధరుడు. అతనికి తెలిసింది అదే.

ఇంకో గొంతు కూడా అంది. వెనకబడి, పైనుంచి. అటక మీంచి.

యూలాలి తలెత్తి అటక వంక చూసింది. వేలు నోటి మీద పెట్టి అందరికీ సైగ చేసింది. చేతులు తురుముతూనే ఉన్నాయి, నోళ్ళు మూసుకున్నాయి.

“క్రిక్.”

“క్రాక్,” అంది అటక, చిన్నపిల్లాడి గొంతుతో. అదే క్షణంలో, ముందు చావడిలోంచి, మోర్న్ దొర గొంతు కూడా అనేసింది, “క్రాక్.”

వాడు కుర్చీలోంచి లేచిన చప్పుడు.

“ఎవర్రా అది?”

“కథ చెప్పుకుంటున్నాం దొరా,” అంది యూలాలి. “తురుముతూనే ఉన్నాం.”

తురుముపీటల చప్పుడు ఆగలేదు. తరవాత కుర్చీ కిర్రుమంది. “తురమండి.”

రాకుమారులందరూ అడవి గాలించారు. వాడు తన ప్రాణాన్ని వంటింటి అటక మీద దాచుకున్నాడు. అక్కడైతే ఏ మగాడూ వెతకడని వాడికి తెలుసు, వాడూ మగాడే కాబట్టి.

యూలాలి నిచ్చెనెక్కింది. చీకటి. బూజు. వరసగా పాతగుడ్డల మూటలు. “క్రిక్,” అంది పెదవులతోనే. ఒక మూట కదిలింది. “క్రాక్.”

మూట పైగుడ్డ గళ్ళ రుమాలు. దాని కింద ఇంకొకటి. దాని కింద ఇంకొకటి. పిల్లల తలల మీంచి ఊడదీసిన రుమాళ్ళన్నీ వాడు, గుమ్మం తొక్కకుండా, ఏమీ గుర్తులేని ఆ పిల్లల చేతే చిలకకి చుట్టించాడు. ఒక్కో రుమాలూ వాడికి ఒక్కో పదేళ్ళ ఆయుష్షు. యూలాలి పైది విప్పి కిందికి జారవిడిచింది. ఒకామె అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. “ఫిలోమెన్,” అంది, ఎవరినో పిలిచినట్టు. తరవాత గుండె మీద చెయ్యి వేసుకుంది. “ఫిలోమెన్ని! నేనే!”

“నాలుగు కట్టుకో ఫిలోమెన్, తొందరగా!” అంది యూలాలి. “నాలుగైతేనే ముట్టుకోలేడు. కట్టుకుని పైకి రా, ముళ్ళు విప్పాలి.”

ఒక్కొక్కరే గుడ్డ అందుకున్నారు, పేరు తెచ్చుకున్నారు, నాలుగు కట్టుకుని నిచ్చెనెక్కారు. లేచినవాళ్ళ తురుముపీటలు మణిధరుడు అందుకున్నాడు. కుడిచేత ఒకటి, ఎడమచేత ఒకటి. వేళ్ళ చర్మం లేచిపోయింది. దుంపలు ఎర్రబడ్డాయి. అయినా ఆపలేదు. కానీ ఎంతైనా ఇద్దరి పెట్టు, ఇరవైమంది పెట్టు అవుతుందా? చప్పుడు పలచబడింది. ఇంకా పలచబడింది.

చావడిలో మోర్న్ దొర తన చేతివంక చూసుకున్నాడు. చర్మం ముడతలు పడుతోంది. వాడు లేచాడు. జీవితంలో మొదటిసారి వంటింటి గుమ్మం తొక్కాడు.

నిచ్చెన కింద ఒక్కతే మిగిలి ఉంది, సెలెస్తీన్. రుమాలు చేతిలోనే ఉంది. పేరు గుర్తొచ్చింది, ఊరు గుర్తొచ్చింది, ఊళ్ళో వాళ్ళందరూ గుర్తొచ్చారు. అందుకే కట్టుకోలేకపోయింది.

“అక్కా, కట్టుకో!”

“నాలుగొద్దే. మూడు కట్టుకుంటానే. అమ్మ ఏమంటుందే!”

వాడు ఆమె చీలమండ పట్టుకున్నాడు. పాదం రాయైంది. యూలాలి నిచ్చెన మీంచి దూకింది. అక్క చేతిలోంచి రుమాలు లాగి తలకి చుట్టింది. ఒక కొమ్ము. మోకాలు రాయైంది. రెండు. నడుము రాయైంది.

“చాలు, చాలు, నలుగురూ ఏమంటారు,” అంటోంది సెలెస్తీన్, ఊపిరాడక.

మూడు. “ఇంకొక్కటి అక్కా. ఒక్కటి.” గుండెల దాకా వచ్చేసింది. ముడి జారిపోయింది. మళ్ళీ అందుకుంది. మెడ దాకా వచ్చింది. నాలుగో కొమ్ము నిలబడింది.

వాడి చెయ్యి భగ్గుమంది. కేకపెట్టి వదిలేశాడు. సెలెస్తీన్ ఒంటి మీంచి రాయి పెచ్చులుగా రాలింది.

పైన, అందరికంటే ముందు వచ్చి అందరికంటే ముసలిదైపోయిన ఒకావిడ ఆఖరి గుడ్డ విప్పింది. అది తనదే. ముడి పళ్ళతో లాగింది. లోపల ఊదారంగు రొమ్ము చిలక, కళ్ళు ఆర్పుతూ. ఎవరూ దాని మెడ విరవలేదు. అది రెక్కలు విదిలించుకుని, పొగ పోయే కంతలోంచి ఎగిరిపోయింది. వంటింట్లో మాంత్రికుడు నిలబడ్డ చోట, తనవి కాని రెండువందల పదేళ్ళూ ఒక్కసారే మీదపడితే ఏం మిగులుతుందో అదే మిగిలింది. పిడికెడు బూడిద.

బయట రాతి అన్నలిద్దరూ తుమ్మి లేచారు. “మాంత్రికుడేడీ?” అని కత్తులు ఝళిపించారు. “లోపల ఊడ్చేస్తున్నారు,” అంది కప్ప.

సాయంత్రానికి ఇరవై ఇద్దరూ కొండ దిగారు. చెప్పులు మిగిల్చి వెళ్ళిన పిల్లలొస్తున్నారని ఊరు ఊరంతా ఎదురొచ్చింది. తల్లులు ముందు తలలు చూశారు. ఒక్కో తలకీ నాలుగేసి కొమ్ములు. జనం కాళ్ళు ఆగిపోయాయి.

“ఆ నాలుగోది ఊరి బయటే దించుకుని రావలసింది తల్లీ,” అన్నాడు రాజు మెల్లగా. “అందరూ చూస్తున్నారు.”

“చూడనీ నాన్నా. చూడ్డానికేగా వచ్చారు.”

సెలెస్తీన్ చెయ్యి తలమీదికి పోయింది. యూలాలి ఆ చెయ్యి పట్టుకుంది. అప్పుడు రాణి రాజుని పక్కకి తోసుకుంటూ ముందుకొచ్చింది. పెద్దకూతురి మొహం రెండు చేతులా పట్టుకుంది. “చిక్కిపోయావే,” అంది. “ఏం తిన్నావే మూడేళ్ళూ?” అంతే, తల్లులందరూ కదిలారు. మొహాలు చూశాక తలలు చూడడం మరిచిపోయారు.

యూలాలి మణిధరుడి వేళ్ళకి పసరు కట్టింది. పదిరోజులు కట్టింది. పదకొండో రోజున అతను అడిగాడు, “నన్ను చేసుకుంటావా?”

“మొదటిసారి చేసుకో అన్నావు. ఈసారి అడిగావు,” అంది యూలాలి. “చేసుకుంటాను.”

వెదురు గొట్టాలు బూంబూమని ఊదారు. కర్రపెండలం రొట్టెలు కాల్చారు. ఆ పిండి మాత్రం మగవాళ్ళందరూ కూర్చుని తురిమారు, రాకుమారుడు తురిమాడు కాబట్టి ఇక తప్పలేదు. తీతీన్ నాయనమ్మ పీట ముందు వరసలో వేశారు. రాజు తరవాత యూలాలి రాణి అయింది. ఆమె, మణిధరుడూ నలభై ఏళ్ళు చల్లగా ఏలారు.

ఆ నలభై ఏళ్ళలో దీవిలో ఆడపిల్లల పెళ్ళిళ్ళు బాగా ఆలస్యమయ్యాయి. కొంతమంది చేసుకోనే లేదు. ఊరి పెద్దలు దాని గురించి చాలా బెంగపడ్డారు. ఇంకా పడుతూనే ఉన్నారట.

ఇక కథ దీవికి, మనం పక్కలకి.